నిప్పుకు వెల

పైపు తాగే మనిషి దూరం నుంచి చూసేవారికి తీరిక గల వేదాంతిలా కనిపిస్తాడు. దగ్గర కూర్చుని చూసినవారికి మాత్రం అతడు రోజంతా నిప్పుతో తగవులాడే సంసారి అని తెలుస్తుంది. సిగరెట్టుకు ఒక్కసారి నిప్పు అంటిస్తే అది చివరిదాకా తన దారిన తాను కాలుతుంది. పైపు అలా కాదు. మొదట చూపిన మంటకు గిన్నెలోని పొగాకు ఉబికి పైకి లేస్తుంది. దానిని మెల్లగా అదిమి మళ్లీ వెలిగించాలి. గట్టిగా అదిమితే గాలి ఆడక ఆరిపోతుంది. వదులుగా అదిమితే నిప్పు లోపలికి దిగక ఆరిపోతుంది. మాటలలో పడి రెండు నిమిషాలు మరచిపోతే, ఆ మరపుకు శిక్షగా ఆరిపోతుంది. పైగా మంట స్వభావం పైకి పోవడం. పైపు గిన్నె నోరు కూడా పైకే ఉంటుంది. కాబట్టి పైకి పోయే మంటను కిందికి వంచాలి. పైపువారి కోసం లైటర్లు చేసినవారి తెలివి అంతా మంటను దాని స్వభావానికి విరుద్ధంగా నడిపించడంలోనే ఖర్చయింది.

కలకత్తాలో ఒక కళాశాల భూగోళశాస్త్రాధ్యాపకునికి ఈ తెలివి మీద మనసు పోయింది. 1956లో ఉద్యోగంలో చేరినపుడు ఆయనకు ఇరవై అయిదేళ్లు. తమ శాఖలోని వృద్ధాచార్యుని చూసి పైపు అలవాటు చేసుకున్నారు. పాఠం మధ్యలో పైపు తీసి, మాట ఆపి, వెలిగించి, మళ్లీ మాట అందుకోవడంలో ఆ వృద్ధుడు చూపే గాంభీర్యం కుర్ర అధ్యాపకునికి విద్వత్తులో ఒక భాగమే అనిపించింది. విద్వత్తు రావడానికి చాలా ఏళ్లు పడుతుంది. పైపు మాత్రం న్యూమార్కెట్టులో ఆ రోజే దొరికింది.

మరుసటి సంవత్సరం ఆయన మొదటి లైటరు కొన్నారు. స్వాతంత్ర్యం వచ్చి పదేళ్లయినా, స్వదేశానికి వెళ్లిపోయే ఆంగ్ల కుటుంబాల సామాను రస్సెల్ వీధి వేలం శాలలకు ఇంకా వస్తూనే ఉండేది. భోజనపు బల్లలు, పియానోలు, పులితోళ్లు, గుర్రపు జీనులు, వాటి మధ్య ఒక గాజు పళ్లెంలో చిల్లర వస్తువులు. ఆ చిల్లరలో వెండి పూత పూసిన ఒక డన్‌హిల్ లైటరు ఉంది. ఇంకొకరెవరో యాభై అన్నారు. ఈయన అరవై అన్నారు. ఎదుటివారు మరి పెంచకపోయినా, సుత్తి పడేలోగా తొందరపడి తానే అరవై అయిదు అన్నారు. తన పాటను తానే మించిపోయిన ఆ కుర్రవాడిని చూసి వేలంశాలలో అందరూ నవ్వారు. ఆయన కూడా నవ్వారు. ఆ నెలంతా ట్రామెక్కక కాలేజీకి నడిచి వెళ్లారు.

లండన్‌లోని డ్యూక్ వీధిలో 1907లో పొగాకు దుకాణం పెట్టిన ఆల్ఫ్రెడ్ డన్‌హిల్ పేరు మీద వెలసిన ఆ లైటరు పేరు 'యునీక్'. 1920ల నడిమి కాలంలో అది బజారుకు వచ్చింది. దాని తొలి నమూనాను ఒక ఆవపిండి డబ్బా రేకుతో చేశారని చెబుతారు. అంతకు ముందు చాలా లైటర్లకు రెండు చేతులు కావలసివచ్చేవి. దీనికి ఒక చెయ్యి చాలు. బొటనవేలు అడ్డంగా ఉన్న చక్రం మీద జారితే మూత లేచి, రవ్వ పడి, వత్తి అంటుకుంటుంది. రెండవ చేతిలో పైపు పట్టుకున్నవాడికి ఇది ఎంత సదుపాయమో చెప్పనక్కర లేదు. అధ్యాపకుడు రాత్రి దీపం ఆర్పి, చీకటిలో దానిని వెలిగించి ఆర్పి, వెలిగించి ఆర్పి, ఆ చప్పుడు వింటూ కూర్చునేవారు. సంగీతం తెలిసినవారు తంబుర శ్రుతి చూసుకున్నట్లే ఉండేది ఆ దృశ్యం.

రెండవది జిప్పో. అమెరికాలో పెన్సిల్వేనియా రాష్ట్రపు బ్రాడ్‌ఫర్డ్ అనే ఊళ్లో 1932లో ఆ సంస్థ మొదలైంది. రెండవ ప్రపంచ యుద్ధకాలంలో ఇత్తడి దొరకక ఆ లైటర్లను ఉక్కు రేకుతో చేసి, పైన గరుకైన నల్లరంగు పూసి సైనికుల కోసం పంపేవారు. యుద్ధకాలంలో కలకత్తా నిండా అమెరికన్ సైనికులు ఉన్నారు కనుక వారి జేబులలోనివి కొన్ని ఈ ఊరి పాత సామాను అంగళ్లలో మిగిలిపోయాయి. అధ్యాపకునికి దొరికినది సొట్టలు పడి ఉన్నా, మొదటి విసురుకే వెలిగింది. తరువాత ఒక నావికుని ద్వారా దానికి పైపువారి గూడు తెప్పించుకున్నారు. మామూలు గూటికి చుట్టూ చిన్న చిన్న రంధ్రాలుంటాయి; ఈ గూటికి పక్కన గుండ్రని పెద్ద రంధ్రం ఉంటుంది. దానిని పైపు గిన్నె మీద ఆనించి ఊపిరి లోపలికి పీలిస్తే మంట ఆ రంధ్రంలోనుంచి కిందికి వంగుతుంది. అయితే దానికి ఒక జబ్బు ఉంది. వాడినా వాడకపోయినా లోపలి పెట్రోలు కొద్ది రోజులలో ఆవిరైపోతుంది. ఈ జబ్బే తరువాత ఆయన కథకు కారణమయింది.

మూడవది ఆస్ట్రియా దేశపు ఇమ్కో. 1907లో బొత్తాములు చేయడానికి పెట్టిన కంపెనీ అది. 2012 దాకా లైటర్లు చేసింది. రేకుతో చేసిన చవక సరుకు. వెండి లేదు, బంగారం లేదు, గాంభీర్యం అసలే లేదు. కాని దాని పెట్రోలు గొట్టాన్ని వెలుగుతుండగానే ఊడబెరికి కొవ్వొత్తిలా చేతితో పట్టుకోవచ్చు. ఏ పక్కకు కావాలంటే ఆ పక్కకు వంచి పైపు గిన్నెలో మంట పెట్టవచ్చు. డన్‌హిల్ ప్రభువు అయితే ఇమ్కో నమ్మిన బంటు అని అధ్యాపకుడు అనేవారు.

ఈ వస్తువులకు ఆయన ఒక ఖాతా పుస్తకం పెట్టారు. పేరు, పుట్టిన ఊరు, కొన్న తేదీ, ఇచ్చిన వెల. ఆ తరువాత గాలిలో ఓర్పు, వాసన, వంగే తీరు, చేతిలో ఒదుగు. ఒక్కొక్క గుణానికి పదికి ఇన్ని మార్కులు. పరీక్ష పత్రాలు దిద్దే చెయ్యి కనుక మార్కులు ధారాళంగా పడేవి కావు. గాలి పరీక్ష హౌరా వంతెన మీద జరిగేది. వాసన పరీక్ష ఇంట్లో. పెట్రోలు లైటరు వెలిగించగానే పైపుకు చూపితే మొదటి నాలుగు పీల్పులు పెట్రోలు బంకు ముందు నిలుచున్నట్లుంటాయి. కొన్ని క్షణాలు ఆగి చూపితే ఆ వాసన చాలావరకు పోతుంది. అగ్గిపుల్ల విషయమూ అంతే, తలలోని మందు మండిపోయి పుల్ల అంటుకున్న తరువాతనే పొగాకుకు చూపాలి. వెలలో నాలుగవ వంతు పైసా లేని అగ్గిపుల్ల వాసనలో డన్‌హిల్‌ను ఓడించిందని ఆయన నిజాయితీగానే రాసుకున్నారు.

ఆయన కొనలేకపోయినవి కూడా ఆ పుస్తకంలో ఉన్నాయి. వాటిలో మొదటిది పారిస్ నగరపు ఎస్.టి. డ్యూపాంట్. మూత తెరిచినపుడు చిరుగంట మ్రోగినట్లు పలికే లైటరు అది. ఆ సంస్థ 1941లో లైటర్లు చేయడం మొదలుపెట్టడానికి మన పాటియాలా మహారాజు కోరిన బంగారు చేతిసంచులు కారణమని, ఆ సంచులలో అమర్చడానికే మొదటి బంగారు లైటర్లు తయారయ్యాయని ఆ సంస్థవారు చెప్పుకుంటారు. అధ్యాపకుడు ఒక్కసారి బొంబాయిలో ఒక మిత్రుని చేతిలో దానిని చూశారు. మూడు సార్లు మూత తెరిచి, మూసి, తిరిగి ఇచ్చేశారు. పుస్తకంలో వెల అన్నచోట 'వినడానికి ఉచితం' అని రాసుకున్నారు.

సేకరణ అనేది మొదట ప్రేమతోనే మొదలవుతుంది. కొంతకాలానికి ఆ ప్రేమలో లెక్క ప్రవేశిస్తుంది. తరువాత ఎదుటివాని చేతిలోని వస్తువును చూసే చూపు మారిపోతుంది. వస్తువు కనిపించినంతగా మనిషి కనిపించడు. ఈ మార్పు ఎప్పుడు జరిగిందో సేకరించేవానికి తెలియదు. అధ్యాపకునికి మాత్రం తెలిసింది. తేదీ కూడా పుస్తకంలో ఉంది.

అది 1960 అక్టోబరు. పూజా సెలవులకు భార్యతో కలిసి డార్జిలింగ్ వెళ్లారు. వివాహమై అప్పటికి ఏడాది. ఒకనాటి ఉదయం చౌరస్తా దాటి కొండ దారిన నడుస్తూ ఒక మలుపు దగ్గర పైపు నింపి జిప్పో తీశారు. అది ప్రయాణంలోనే ఎండిపోయింది. అగ్గిపెట్టె తీశారు. కంచన్‌జంగా వైపు నుంచి వచ్చే గాలికి మూడు పుల్లలు ఆరిపోయాయి. దారి పక్క రాతి అరుగు మీద ఒక టిబెటన్ వృద్ధుడు కూర్చుని ఈ అవస్థ చూస్తున్నాడు. అంతకు ముందు ఏడాది మార్చిలో లాసాలో తిరుగుబాటు జరిగి, దలైలామా భారతదేశానికి వచ్చిన తరువాత, వేలాది కుటుంబాలు కనుమలు దాటి ఈ కొండ ఊళ్లకు వచ్చి పడ్డాయి. వృద్ధుని ఉన్ని అంగరఖా మోచేతుల దగ్గర చిరిగి ఉంది. అతడు నవ్వి, నడుముకు వేలాడుతున్న ఒక తోలు సంచి విప్పాడు.

సంచి అరచేయి అంత ఉంటుంది. దాని అడుగు అంచు పొడవునా వంపు తిరిగిన ఉక్కు పట్టీ బిగించి ఉంది. పైన వెండి రేకు; దాని నడుమ ఒక పగడం. లోపలినుంచి చెకుముకి రాయి, చిటికెడు తెల్లని నూగు తీశాడు. కొన్ని కొండ మొక్కల ఆకుల అడుగున ఉండే నూగును ఒలిచి ఎండబెట్టి చేసిన దూది అది. నేపాలీలు దానిని జులో అంటారు. నూగును రాతి అంచు మీద బొటనవేలితో నొక్కి పట్టి, ఉక్కుతో రెండు సార్లు కొట్టాడు. రవ్వ నూగు మీద పడి ఎర్రగా పాకింది. మంట లేదు, కణిక మాత్రమే. దానిని తెచ్చి అధ్యాపకుని పైపు గిన్నెలో పొగాకు మీద పెట్టి వేలితో తట్టాడు. గాలి ఎంత వీస్తే కణిక అంతగా రాజుకుంది. నాలుగు పీల్పులలో పైపు అంటుకుంది. గాలి దీపానికి శత్రువు, కణికకు మిత్రుడు. హౌరా వంతెన మీద మూడేళ్లుగా చేసిన పరీక్షలలో ఆయనకు తట్టని సంగతి ఇది. వాసన లేదు, మంటను వంచే తంటా లేదు.

అధ్యాపకుడు కృతజ్ఞత చెప్పవలసిన చోట వెల అడిగారు.

వృద్ధునికి వచ్చిన హిందీ కొద్దిది. అతడు సంచి వైపు, పక్కన కూర్చున్న చిన్నపిల్ల వైపు చూసి, నలభై అన్నాడు. ఈయన పది అన్నారు. పగడానికి చిన్న బీట ఉందని వేలు పెట్టి చూపారు. ఉక్కు అరిగిందన్నారు. వృద్ధుడు ముప్పై అన్నాడు. ఈయన వెళ్లిపోతున్నట్లు నాలుగు అడుగులు వేశారు. చివరికి పదిహేనుకు కుదిరింది. వృద్ధుడు రాయి, నూగు తీసి తన దగ్గర పెట్టుకోబోయాడు. అవి లేకపోతే వస్తువు అసంపూర్ణమని ఈయన అన్నారు. అతడు అవి కూడా సంచిలో పెట్టి ఇచ్చేశాడు.

ఆ సాయంకాలం హోటలు గదిలో ఆయన పుస్తకం తీసి మార్కులు వేశారు. గాలిలో ఓర్పు పదికి పది. వాసన పదికి పది. ఇంతవరకు ఏ లైటరుకూ ఇన్ని రాలేదు. ఉత్సాహంతో భార్యకు చూపారు. ఆమె పుస్తకం వెనక్కు తిప్పి మొదటి పుట చూసి నెమ్మదిగా అన్నది: "దేశం విడిచి ఇంటికి వెళ్లేవాడి సామానుకు మీ పాట మీరే పెంచి అరవై అయిదు ఇచ్చారు. ఇల్లు పోగొట్టుకుని మన దేశానికి వచ్చినవాడి సామానుకు పగడంలో బీట వెదికారు." అంతకంటే ఒక్క మాట ఎక్కువ అనలేదు. ఆ తరువాత జీవితంలో ఎన్నడూ ఆ ప్రసక్తి తేలేదు. తెచ్చి ఉంటే ఆయన ఏదో ఒక సమాధానం వెదుక్కునేవారు.

మరునాడు ఉదయమే ఆయన ఆ మలుపు దగ్గరకు వెళ్లారు. అరుగు మీద ఎవరూ లేరు. 1961లోనూ, 1963లోనూ మళ్లీ డార్జిలింగ్ వెళ్లారు. 1959లో అక్కడ స్థాపించిన టిబెటన్ శరణార్థుల స్వయంసహాయ కేంద్రంలో తివాచీలు నేసేవారి మధ్య తిరిగి చూశారు. కాని ఆయన జ్ఞాపకంలో సంచి ఉన్నంత స్పష్టంగా ముఖం లేదు. పగడంలోని బీట ఎటు వంగి ఉందో చెప్పగలరు; వృద్ధుని ముఖం మీద మచ్చ ఉందా లేదా అంటే చెప్పలేరు. ఎవరిని వెదుకుతున్నారో తెలియకుండా వెదకడం ఎంత వ్యర్థమో ఆయనకు అర్థమయింది.

మనసులోని ముల్లును మరచిపోవడానికి చదువుకున్నవారు ఆశ్రయించేది చదువునే. ఆయన నిప్పు చరిత్ర చదివారు. టిబెటన్ భాషలో ఆ సంచిని 'మేచాక్' అంటారని, దాని అర్థం అగ్ని ఇనుము అని తెలుసుకున్నారు. చకమక్ అనేది తురుష్క పదం; హిందీలోను, వంగభాషలోను అదే నిలిచింది, తెలుగువారి చెకుముకిలోను ఆ చప్పుడే వినిపిస్తుంది. టర్కీలో నేటికీ జేబు లైటరును ఆ మాటతోనే పిలుస్తారు. అగ్గిపుల్లకంటే లైటరే ముందు పుట్టిందన్న వింత కూడా ఆయనకు అప్పుడే తెలిసింది. జర్మనీలో డోబెరైనర్ ఉదజని వాయువుతో వెలిగే దీపయంత్రాన్ని 1823లోనే చేశాడు. ఇంగ్లండులో జాన్ వాకర్ గీకితే అంటుకునే అగ్గిపుల్లలు అమ్మడం 1827లో మొదలుపెట్టాడు.

అన్నిటికంటే ఆయనను ఆకర్షించినది రవ్వ పుట్టే విధానం. చెకుముకిలో రాయి గట్టిది. అది ఉక్కును గీరుతుంది. ఊడిన ఉక్కు రజను ఆ రాపిడికి వేడెక్కి గాలిలో మండుతుంది, అదే రవ్వ. మండేది రాయి కాదు, ఇనుము. లైటరులో ఇది తలకిందులవుతుంది. అందులో రాయి అని మనం పిలిచేది రాయే కాదు. సీరియం మొదలైన అరుదైన లోహాలను ఇనుముతో కలిపి చేసిన మెత్తని మిశ్రలోహం అది. 1903లో ఆస్ట్రియా దేశపు శాస్త్రజ్ఞుడు కార్ల్ ఆవర్ దానికి పేటెంటు పొందాడు. ఉక్కు చక్రం దానిని గీరితే ఊడిన రజను మండుతుంది. పాత పద్ధతిలో రాయి ఇనుమును గాయపరుస్తుంది, కొత్త పద్ధతిలో ఇనుము 'రాయి'ని గాయపరుస్తుంది. రెండింటిలోనూ ఒకటి గాయపడితేనే నిప్పు పుడుతుంది. గాయపడేది ఎప్పుడూ మెత్తనిదే.

ఈ ఆవర్‌కు మన దేశంతో ఒక సంబంధం ఉంది. గ్యాసు దీపాలకు తెల్లని కాంతినిచ్చే వలతొడుగులు కనిపెట్టినవాడూ ఆయనే. ఆ తొడుగులకు కావలసిన థోరియం మొనజైటు ఇసుకలో దొరుకుతుంది. 1909లో షోంబెర్గ్ అనే జర్మన్ రసాయన శాస్త్రజ్ఞుడు తిరువాన్కూరు సంస్థానపు మణవాళకురిచ్చి తీరంలో ఆ ఇసుకను గుర్తించాడు. భీమునిపట్నం వైపు తూర్పు తీరంలో కూడా అది ఉంది. థోరియం తీసుకోగా మిగిలిన లోహాలే లైటరు రాళ్లకు పనికివచ్చాయి. పాశ్చాత్యుల జేబులలో మెరిసిన రవ్వలకు మన సముద్రపు ఇసుక కొంత ముడిసరుకు అయిందని తెలిసినపుడు భూగోళశాస్త్రాధ్యాపకునికి సంతోషం కలిగింది. ఆ ఇసుక వెల నిర్ణయించినది ఎవరు, ఎంతకు కొన్నారు అన్న ప్రశ్న వెంటనే వచ్చింది. అక్కడ ఆయన పుస్తకం మూసేశారు. చదువు కూడా చౌరస్తా దాటిన ఆ మలుపు దగ్గరికే తీసుకువచ్చింది.

సంచిలోని నూగు 1962లోనే అయిపోయింది. కాల్చిన నూలుగుడ్డ పీలికలతో కూడా కణిక నిలుస్తుంది; కొంతకాలం అలా వెలిగించారు. తరువాత మానేశారు. పెట్టెలో లైటర్లు పెరుగుతూ వచ్చాయి. 1986లో పూర్వ విద్యార్థి ఒకరు జపాను నుంచి కొరోనా ఓల్డ్ బాయ్ తెచ్చి ఇచ్చారు. మంట తనంతట తానే పక్కకు వంగి వస్తుంది. పొగాకు అదిమే పనిముట్టు దాని ఒంట్లోనే దాగి ఉంటుంది. గ్యాసు కనుక వాసన లేదు. పైపు మనిషి అవసరాలన్నీ ఒక్కచోట కూర్చిన వస్తువు అది. ఆయన దానికి అన్నిటా ఎనిమిది, తొమ్మిది మార్కులు వేశారు. రెండేళ్లు కూడా వాడలేదు. 1988లో నోటిలో లోపలి బుగ్గ మీద తెల్లని మచ్చ కనిపించింది. వైద్యుడు దానిని చూసి, ఇంకా భయపడవలసినది కాదని, పొగాకు మానకపోతే భయపడవలసినది అవుతుందని చెప్పాడు. ఆ రోజే పైపులన్నీ అటక ఎక్కాయి. కాల్చడం మానిన తరువాత కూడా ఆయన లైటర్లకు నూనె వేసి, వత్తులు మార్చి, రాళ్లు మార్చి వెలిగించి చూసేవారు. అయితే ఆ వెలుగు ఇక దేనినీ అంటించదు. ఎంత మంచి లైటరైనా వెలిగించవలసినది లేనపుడు ఒక ఆటవస్తువే.

2010లో భార్య మరణించింది. మరుసటి ఏడు, తన ఎనభయ్యవ ఏట, ఆయన పెట్టె ఖాళీ చేయడం మొదలుపెట్టారు. ఇమ్కో పనిమనిషి కుమారునికి, జిప్పో మనుమనికి, ఓల్డ్ బాయ్ తెచ్చిన శిష్యునికే వెళ్లాయి. డన్‌హిల్ మళ్లీ రస్సెల్ వీధికే వెళ్లింది. చెకుముకి సంచి ఎవరికీ ఇవ్వలేదు. 2012లో మనుమని తోడు తీసుకుని దానితో డార్జిలింగ్ వెళ్లారు. చౌరస్తా దగ్గర ఉన్ని దుస్తులు అమ్మే ఒక టిబెటన్ వృద్ధురాలికి సంచి చూపి, జరిగినదంతా, బేరం సహా, చెప్పారు. డన్‌హిల్ అమ్మిన డబ్బు కవరులో పెట్టి ఆమె ముందుంచారు.

ఆమె కవరు ముట్టలేదు. సంచి తీసుకుని ఉక్కు అంచు మీద గోరు పెట్టి చూసింది. తన తండ్రికి ఇలాంటిదే ఉండేదని, అందరి నడుముకూ ఉండేదని చెప్పింది. పగడంలోని బీట చూసి, "ఇది పాత బీట, మీరు చేసినది కాదు" అన్నది. ఆ వృద్ధుడు నిప్పు లేక బాధపడి ఉంటాడా అని ఆయన అడిగారు. ఆమె నవ్వింది. "బాబూజీ, ఆ సాయంకాలమే ఒక అగ్గిపెట్టె కొనుక్కుని ఉంటాడు. మేమంతా అదే చేశాం. పదిహేను రూపాయలకు బియ్యం వచ్చి ఉంటాయి. నలభైకి ఇంకా ఎక్కువ వచ్చి ఉండేవి." తరువాత సంచి తిరిగి ఇచ్చి, ఒట్టి సంచి పెట్టుకోవద్దని, లోపల రాయి, నూగు ఉండాలని చెప్పింది. ఆ డబ్బు ఎవరికి ఇవ్వాలని అడిగితే, కొండ దిగువ బడి ఉందని, పిల్లలకు చలికోట్లు కావాలని చెప్పి, పక్క గిరాకీ వైపు తిరిగింది.

ఆయన కోట్లు కొనిపించి ఇచ్చారు. దానితో అప్పు తీరిందని అనుకోలేదు. ఇచ్చినది అప్పు ఇచ్చినవానికి కాదు. ఆమె ఆయనను క్షమించలేదు, నిందించలేదు. నలభై రూపాయలకు ఎంత బియ్యం వచ్చేదో మాత్రమే చెప్పింది. ఇరవై అయిదు రూపాయల బియ్యం తక్కువ అన్నది ఆమె చెప్పకుండా చెప్పిన లెక్క.

కలకత్తా చేరిన తరువాత మనుమడు ఎక్కడినుంచో నూగు తెప్పించాడు. వృద్ధాధ్యాపకుడు వరండాలో కూర్చుని ఉక్కు అందుకున్నారు. చేతులు వణికి పది సార్లు తప్పిపోయింది. పదకొండవ సారి రవ్వ నిలిచింది. పైపు లేదు కనుక ఆ కణికతో భార్య పటం ముందరి అగరువత్తి వెలిగించారు. అనంతరం పుస్తకం తెరిచి, 1960 అక్టోబరు పుటలో గాలికి, వాసనకు వేసిన మార్కులను అలాగే ఉంచి, వెల అన్నచోట ఉన్న 15ను కొట్టివేశారు. దాని పక్కన మరొక అంకె రాయడానికి కలం ఎత్తి, చాలాసేపు ఆలోచించి, రాయకుండానే మూత పెట్టారు.